కరెంటు వెలను నిర్ణయించు వారెవరు?

నెలకొకసారి ఒక మనిషి మన గుమ్మము ముందు నిలిచి, గోడమీది మీటరును చూచి, చేతియంత్రము నుండి ఒక చీటి చింపి యిచ్చి పోవును. ఆ చీటిని ఇంటిలో ఒకరి తరువాత ఒకరు చూతురు. "పోయిన నెలకంటె ఎక్కువ వచ్చినదేమి?" అని యజమాని అడుగును. "ఎండలు కదండీ, ఫ్యాను ఎప్పుడు ఆపినాము?" అని ఇల్లాలు బదులు చెప్పును. అంతటితో ఆ ముచ్చట ముగియును. యూనిటు కింత అని చీటిపై అచ్చైన వెల ఎట్లు వచ్చినది, దానిని నిర్ణయించిన వారెవరు, వారి నెవరు నియమించిరి, వారు పొరపాటు చేసినచో ఆ నష్టము నెవరు భరింతురు అను ప్రశ్నలు సామాన్యముగా ఏ యింటిలోను పుట్టవు. వాన కురిసినట్లే, ఎండ కాసినట్లే, కరెంటు ధర కూడ పైనుండి దిగివచ్చునని మన మనుకొందుము.

శ్రోతలారా, అట్లనుకొనక, ఆ ధరను తామే నిర్ణయించుకొనవలెనని పట్టుబట్టిన పట్టణ మొకటి కలదు. అది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు రాజధానియైన శాక్రమెంటో. అచట విద్యుత్తును సరఫరా చేయునది వాటాదారుల కంపెనీ కాదు, రాష్ట్ర ప్రభుత్వ శాఖయు కాదు. పౌరులు ఓటువేసి స్థాపించుకొని, ఓటువేసి ఎన్నుకొన్న ప్రతినిధులచే నడిపించుకొనుచున్న సంస్థ. దాని పేరు శాక్రమెంటో మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టు. ఆ సంస్థ బోర్డు ధరల నెట్లు నిర్ణయించును, విద్యుత్కేంద్రముల నెట్లు ఎన్నుకొనును, ఆ నిర్ణయములలో ఏవి ఫలించినవి, ఏవి బెడిసినవి అను సంగతులను ఈ ప్రసంగములో విన్నవింప దలచితిమి.

మొదట పుట్టుకను గూర్చి. ప్రజలు తమ నీరు, విద్యుత్తు మొదలగు సౌకర్యములను తామే నిర్వహించుకొనుటకు వీలు కల్పించు చట్టమును కాలిఫోర్నియా శాసనసభ 1921లో చేసినది. రెండేండ్ల తరువాత, 1923లో, శాక్రమెంటో ఓటర్లు గొప్ప ఆధిక్యముతో తమ విద్యుత్సంస్థను స్థాపింప నిశ్చయించిరి. కాని నిశ్చయించుట వేరు, తీగలలో కరెంటు పారించుట వేరు. అప్పటికి ఆ పట్టణములో స్తంభములు, తీగలు, మీటర్లు అన్నియు ప్రైవేటు కంపెనీల ఆస్తి. 1934లో ఓటర్లు మరల పోలింగు కేంద్రములకు పోయి, ఆ ఆస్తిని కొనుటకై కోటి ఇరువది లక్షల డాలర్ల బాండ్లకు అనుమతి నిచ్చిరి. పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ న్యాయస్థానముల కెక్కినది. వ్యాజ్యములు 1946 వరకు సాగినవి. ఆ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన గాని కొత్త సంస్థ సరఫరాను చేపట్టలేకపోయినది. 1923లో ఓటువేసిన వారి పిల్లలు పెరిగి పెద్దవారై, వారికి పిల్లలు పుట్టినను ఆశ్చర్యము లేదు. ఇరువదిమూడు సంవత్సరముల ఓపిక అది.

నేడు ఆ సంస్థ సుమారు 900 చదరపు మైళ్ల ప్రాంతములో దాదాపు 15 లక్షల జనమునకు విద్యుత్తు నందించుచున్నది. ఆ ప్రాంతమును ఏడు వార్డులుగా విభజించిరి. ఒక్కొక్క వార్డు ఒక్కొక్క డైరెక్టరును నాలుగేండ్లకు ఎన్నుకొనును. అందరి గడువును ఒకేసారి తీరదు. కొందరు నిలిచియుండగా కొందరు ఓటర్ల ముందునకు పోవుదురు. కావున బోర్డు ఒక్కనాటిలో తలక్రిందులు కాదు, ఏనాడును ఓటరును మరచి యుండుటకును వీలుండదు. కాలిఫోర్నియాలో ప్రైవేటు విద్యుత్కంపెనీల ధరలను రాష్ట్ర కమిషన్ నిర్ణయించును. ఈ సంస్థ ధరలపై ఆ కమిషనుకు అధికారము లేదు. ఏడుగురు డైరెక్టర్ల మాటయే కడపటి మాట. ఆ ఏడుగురిపై పైమాట ఓటరుది.

బోర్డు సమావేశములు తలుపులు మూసికొని జరుగుటకు వీలులేదు. స్థానిక సంస్థల సమావేశములు బహిరంగముగా జరుగవలెనని 1953లో చేసిన బ్రౌన్ చట్టము అచట అమలులో నున్నది. చర్చింపబోవు విషయముల జాబితాను 72 గంటల ముందుగా ప్రకటింపవలెను. జాబితాలో లేని విషయముపై నిర్ణయము చేయరాదు. ఎవరైనను వచ్చి, తమ వంతు వచ్చినప్పుడు లేచి, కొద్ది నిమిషములు మాటాడవచ్చును. చదువుకొన్న ఇంజనీరైనను, పింఛనుమీద బ్రతుకు వృద్ధురాలైనను ఇద్దరికిని అంతే కాలము.

ఇక ధరల విషయమునకు వత్తము. ధర పెంచవలెనని తోచినప్పుడు బోర్డు ఒక రాత్రి కూర్చుండి ఒక అంకె వేయదు. ముందుగా సంస్థ ముఖ్యకార్యనిర్వహణాధికారి ఒక నివేదికను సిద్ధపరచి ప్రకటించును. రానున్న సంవత్సరములలో ఎంత విద్యుత్తు కావలసియుండును, కొనుబడి కెంత, తీగలకును ఉపకేంద్రములకును ఎంత, జీతముల కెంత, బాండ్ల అసలు వడ్డీల కెంత, ఆపద్ధనముగా దాచవలసిన దెంత అను లెక్కలు అందులో నుండును. తరువాత ఆ నివేదికను వివరించు సభలు జరుగును. తరువాత బహిరంగ విచారణ. అటు పిమ్మటనే తీర్మానము, ఓటు. ఇంతయు జరుగుటకు నెలలు పట్టును. 2023లో జరిగిన దీనికి ఉదాహరణము. ఆ సంవత్సరము బోర్డు 2024, 2025 సంవత్సరములకు నాలుగు అంచెలుగా, అంచెకు రెండుంబాతిక కాదు, 2.75 శాతము చొప్పున ధరలు పెంచుటకు తీర్మానించినది. ఒక్కమారు పెద్దభారము మోపుటకంటె చిన్న మెట్లుగా వేయుట మేలని వారి ఆలోచన.

బోర్డుకు తానే గీసికొన్న హద్దు ఒకటి కలదు. పొరుగున నున్న ప్రైవేటు కంపెనీ సగటు ధరకంటె తమ ధర కనీసము 18 శాతము తక్కువగా నుండవలెనని వారు తమ విధానపత్రములో వ్రాసికొనిరి. లాభము పంచుకొను వాటాదారులు లేనప్పుడు ఆమాత్రము సాధ్యము కావలెను గదా. నిజమునకు ఇటీవలి సంవత్సరములలో అంతరము దానికంటెను చాల ఎక్కువగనే యున్నది.

మొత్తము ఎంత రాబట్టవలెనో తేలిన తరువాత దానిని ఎవరినుండి, ఏ రూపమున రాబట్టవలెను? శ్రోతలు గమనింపవలసిన సూక్ష్మ మిచటనే యున్నది. మొత్తము ఒకటే యైనను పంపకములో న్యాయాన్యాయములు దాగియుండును.

మొదటిది స్థిరరుసుము. కరెంటు ఒక్క యూనిటు కాల్చకున్నను నెలనెలకు చెల్లింపవలసిన సొమ్ము. శాక్రమెంటోలో 2010 తరువాతి సంవత్సరములలో దీనిని మెట్లు మెట్లుగా పెంచి 20 డాలర్లకు తెచ్చిరి. ఇప్పు డది అంతకు మించియున్నది. స్తంభములు, తీగలు, ఉపకేంద్రములు వాడినను వాడకున్నను నిలిచియుండవలసినవే. వాని ఖర్చు అందరును సమముగా భరించుట ధర్మమని బోర్డు వాదము. ఒంటిగదిలో రెండు దీపములతో సరిపెట్టుకొను ముసలమ్మకును, పది గదుల మేడకును ఒకే రుసుమా అని ఎదుటివారి వాదము. పొదుపు చేసినవారికి పొదుపు ఫలము దక్కవలెనన్నచో స్థిరరుసుము తగ్గి యూనిటు ధర పెరుగవలెను. సంస్థకు రాబడి నిలకడగా నుండవలెనన్నచో స్థిరరుసుము పెరుగవలెను. ఏ అంకెయు రెండు వైపులను పూర్తిగా తృప్తిపరుపజాలదు. బోర్డు పెద్ద అంకెనే ఎన్నుకొని, పేద కుటుంబములకు వేరుగా రాయితీ ధరను ఏర్పాటు చేసినది.

రెండవది గంటల లెక్క. శాక్రమెంటో వేసవి మన కోస్తా వేసవివలె ఉక్కగా నుండకున్నను వేడిమిలో తీసిపోదు. సాయంకాలము జనమంతయు ఇండ్లు చేరి శీతలయంత్రములు వేయుదురు. సరిగా ఆ వేళకే సూర్యుడు వాలి సౌరవిద్యుత్తు సన్నగిల్లును. ఆ మూడు గంటల అవసరమునకై ఖరీదైన విద్యుత్కేంద్రములు సిద్ధముగా నుండవలెను. కావున 2017లో బోర్డు తీర్మానించి, తరువాతి రెండేండ్లలో గృహములకు కాలమునుబట్టి మారు ధరను అమలుపరచినది. వేసవిలో పనిదినములయందు సాయంకాలము 5 గంటల నుండి 8 గంటల వరకు యూనిటు వెల, రాత్రివెలకు దాదాపు రెండున్నర రెట్లు. బట్టలు ఉతుకు యంత్రమును రాత్రి వేసికొన్నవారికి బిల్లు తగ్గును. అయిదు గంటలకు బిడ్డలకు వంట చేయక తప్పని తల్లికి ఆ వెసులుబాటు తక్కువ. ఇదియు ఆ విచారణలలో చెప్పవలసిన మాటయే.

మూడవది మిక్కిలి ముచ్చటైనది. అది వానకు కట్టిన లెక్క. ఆ సంస్థకు సియెర్రా పర్వతములలో జలవిద్యుత్కేంద్రము లున్నవి. మంచు, వాన బాగుగా పడిన ఏట చవుక విద్యుత్తు సమృద్ధిగా వచ్చును. కరవు వచ్చిన ఏట బయట కొనవలెను. కొండలలో ఫ్రెష్ పాండ్ అను చోట వానకొలమానము నొకదానిని ఆధారముగా తీసికొని, వాన హెచ్చిన ఏట కొంతసొమ్ము ఒక నిధిలో దాచి, తగ్గిన ఏట ఆ నిధినుండి తీయుదురు. నిధి చాలనప్పుడు మాత్రము నాలుగు శాతమునకు మించని అదనపు భారమును బిల్లుపై వేయుదురు. మంచి పంట పండిన ఏట గాదె నింపుకొను రైతు బుద్ధియే ఇది.

ధర విషయ మింతవరకు. అయితే, శ్రోతలారా, ధర నిజముగా నిర్ణయమగునది ధరల సభలో కాదు. అది ఏ ఇరువది ముప్పది ఏండ్ల క్రిందటనో, ఏ విద్యుత్కేంద్రము కట్టవలెనని చేతులెత్తిన సభలో నిర్ణయమగును. ధరల సభలో మిగులునది ఆ పాత నిర్ణయపు బిల్లును పంచుట మాత్రమే. ఈ మాటకు శాక్రమెంటోయే మంచి సాక్ష్యము.

1955లో ఓటర్లు ఎనిమిదిన్నర కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతి నిచ్చి, అమెరికన్ నది ఎగువ పాయలపై జలవిద్యుత్పథకమును ప్రారంభింపజేసిరి. యూనియన్ వ్యాలీ, లూన్ లేక్, ఐస్ హౌస్ మొదలైన జలాశయములు వెలసినవి. క్రమక్రమముగా దాని శక్తి 688 మెగావాట్ల వరకు పెరిగినది. 1957లో లభించిన కేంద్రప్రభుత్వపు లైసెన్సు గడువు తీరిన తరువాత, 2014లో మరి 50 సంవత్సరములకు కొత్త లైసెన్సు వచ్చినది. తాతలు తీర్చిన అప్పు; మనుమలకు మిగిలిన చవుక కరెంటు.

అదే సంస్థ, అదే ఓటర్లు, మరియొక నిర్ణయము. పట్టణమునకు ఆగ్నేయముగా 25 మైళ్ల దూరమున రాంచో సెకో అను చోట 913 మెగావాట్ల అణువిద్యుత్కేంద్రమును కట్టిరి. 1975లో అది పని ప్రారంభించినది. ఆ కాలమున అణుశక్తిపై లోకమున కున్న ఆశ చిన్నదికాదు. పెరుగుచున్న పట్టణమునకు దశాబ్దములకు సరిపడు విద్యుత్తు ఒకేచోట దొరకునని బోర్డు నమ్మినది. ఆ నమ్మకము తెలివితక్కువది కాదు. కాని ఆ రియాక్టరు తరచుగా ఆగిపోవుచుండెను. 1979లో త్రీ మైల్ ఐలండులో ప్రమాదమునకు గురియైన రియాక్టరును, దీనిని చేసినది ఒకే సంస్థ. 1985 డిసెంబరు 26వ తేదీన నియంత్రణవ్యవస్థకు విద్యుత్సరఫరా తెగి, రియాక్టరు కొద్ది నిమిషములలో మితిమీరి చల్లబడినది. జనమునకు హాని జరుగలేదు. కాని కేంద్రము రెండేండ్లకు పైగా మూతబడినది. ఆ కాలమంతయు మరమ్మతుల ఖర్చు ఒకవైపు, బయట కొన్న విద్యుత్తు వెల ఒకవైపు. ధరలు మరల మరల పెరిగినవి. చవుక కరెంటునకై పుట్టిన సంస్థ వినియోగదారులు బిల్లు చూచి బెదరు రోజులు వచ్చినవి.

అప్పు డేమి జరిగినది? ప్రైవేటు కంపెనీ యైనచో ఆ విషయము డైరెక్టర్ల గదిలో తేలును. ఇచట వీధిలో తేలినది. ఇంటింట వాదములు. కేంద్రములో పనిచేయువారి కుటుంబముల జీవనోపాధి ఏమగునని కొందరు. ఇంత అప్పుచేసి కట్టినదానిని మూసినచో అప్పు మాత్రము మూతబడునా అని కొందరు. నమ్మరాని యంత్రమునకై ఇంకెంత పోయుదమని కొందరు. పొరుగున పెరుగు పిల్లల గతి యేమని కొందరు. 1988 జూనులో ఓటర్లు పోలింగునకు పోయిరి. వెంటనే మూయవలెనన్న ప్రతిపాదనము స్వల్ప తేడాతో వీగిపోయినది. పదునెనిమిది నెలలు నడిపి చూచి మరల మమ్మడుగవలెనన్న ప్రతిపాదనము నెగ్గినది. మాట ప్రకారము 1989 జూన్ 6వ తేదీన మరల అడిగిరి. నూటికి 53 మందికి పైగా మూయుమనిరి. మరునాడే రియాక్టరును ఆపివేసిరి. ప్రజల ఓటుతో మూతబడిన అణువిద్యుత్కేంద్రములలో అది అమెరికాలో మొదటిది.

ఈ కథను అణుశక్తికి వ్యతిరేకముగానో అనుకూలముగానో చెప్పుట మా ఉద్దేశము కాదు. నూటికి 47 మంది దాదాపుగా ఎదుటివైపున నున్నారని మరువరాదు. మేము చూపదలచినది మరియొకటి. ఆ నిర్ణయపు ఖర్చు ఎక్కడికిని పోలేదు. బాండ్లు తీర్చవలసియే వచ్చినది. కేంద్రమును విడదీయు పని 2009 వరకు సాగినది. వాడిన ఇంధనము నేటికిని అచటనే పేటికలలో కాపలాతో నున్నది. తప్పైనను ఒప్పైనను బిల్లు ఓటర్లకే వచ్చినది. ఓటు హక్కనగా అది: ఎన్నుకొను హక్కు, ఎన్నుకొన్నదానికి వెల చెల్లించు బాధ్యత, రెండును ఒకే నాణెమునకు రెండు వైపులు.

కేంద్రము మూసిన తరువాత 1990లో టెనెస్సీ వ్యాలీ అథారిటీకి పూర్వము అధ్యక్షుడుగా నుండిన ఎస్. డేవిడ్ ఫ్రీమన్ సంస్థ జనరల్ మేనేజరుగా వచ్చెను. మరియొక మహాకేంద్రము కట్టుటకు బదులు, ఆదాచేసిన యూనిటును ఉత్పత్తిచేసిన యూనిటుతో సమముగా లెక్కించు పద్ధతి బలపడినది. ఇండ్ల ముంగిళ్లలో నీడచెట్లు నాటుటకు ఉచితముగా మొక్క లిచ్చిరి. చెట్టు నీడ పడిన గోడ వేడెక్కదు. వేడెక్కని ఇంటికి శీతలయంత్రము పని తగ్గును. నాటినుండి ఇప్పటివరకు ఇచ్చిన మొక్కలు ఆరు లక్షలకు పైబడినవి. వేపచెట్టు నీడన మంచము వేసికొను మనకు ఈ శాస్త్రమును ఎవరును నేర్పనక్కరలేదు. కాని ఒక విద్యుత్సంస్థ మొక్కను కూడ విద్యుత్కేంద్రముగా లెక్కకట్టుట వినదగిన సంగతి. రాంచో సెకోలో 425 అడుగుల ఎత్తుగల రెండు శీతలగోపురములు నేటికిని నిలిచియున్నవి. వాని చెంతనే ఇప్పుడు సౌరఫలకముల వరుసలును, సహజవాయువుతో నడచు కేంద్రమును కలవు.

మరియొక ఉదాహరణము క్లుప్తముగా చెప్పుదము. పగటి చవుక విద్యుత్తుతో నీటిని కొండపైకి ఎక్కించి, సాయంకాలము దింపి విద్యుత్తు పుట్టించు 400 మెగావాట్ల పథకమును అయోవా హిల్ అను చోట కట్టవలెనని సంస్థ ఏండ్ల తరబడి ఆలోచించినది. ఖర్చు 145 కోట్ల డాలర్లని అంచనా తేలినది. అంత పెట్టుబడి తిరిగివచ్చునట్లు వాడకము పెరుగుట లేదని గ్రహించి 2016 ఫిబ్రవరిలో ఆ పథకమును విడిచిపెట్టినది. అప్పటికే చేసిన ఖర్చును చూచుకొని "ఇంత పెట్టితిమి, ఇంకను పెట్టుదము" అనుకొను దౌర్బల్యము మనుష్యులకు సహజము. రాంచో సెకో నేర్పిన పాఠము అచట పనికివచ్చినదని మా ఊహ.

ఇటీవలి వివాదము ఇంటికప్పుల మీది సౌరఫలకములను గూర్చినది. కప్పుమీద విద్యుత్తు పుట్టించుకొనువాడు మిగిలినదానిని సంస్థకు పంపినప్పుడు పూర్తి చిల్లరధరను జమకట్టుచుండిరి. అతడు స్తంభములను తీగలను వాడుచునే వాని ఖర్చును తగినంత చెల్లించుట లేదు, ఆ భారము అద్దె ఇండ్లవారిపై పడుచున్నదని సంస్థ అధికారులు చెప్పిరి. 2019లో సౌరగృహములపై ప్రత్యేక రుసుమును ప్రతిపాదించిరి. జనము సభలకు వచ్చి గట్టిగా అభ్యంతరము చెప్పిరి. పుడమికి మేలుచేయ పూనుకొన్నవానిపై సుంకమా అని వారి ప్రశ్న. ప్రతిపాదనము వెనుకకు పోయినది. రెండేండ్ల చర్చల తరువాత 2021 సెప్టెంబరులో బోర్డు మధ్యేమార్గమును తొక్కినది. 2022 మార్చి 1వ తేదీ నుండి కొత్తగా ఫలకములు పెట్టువారికి, పంపిన యూనిటుకు 7.4 సెంట్లు మాత్రము. పాతవారికి 2030 వరకు పాత పద్ధతియే. బ్యాటరీలు పెట్టుకొనువారికి ప్రోత్సాహము. ఇరుపక్షముల వారును పూర్తిగా సంతోషింపలేదు. కాని ఇరుపక్షముల వాదములును అందరి ఎదుట వినబడినవి.

అదే 2021 ఏప్రిలులో బోర్డు మరింత పెద్ద సంకల్పము చేసినది. 2030 నాటికి తమ విద్యుదుత్పత్తి నుండి బొగ్గుపులుసు వాయువు పూర్తిగా తొలగవలెనని, అట్లు చేయుటలో ధరల పెరుగుదల ద్రవ్యోల్బణమును మించరాదని తీర్మానించినది. ఈ రెండు మాటలును ఒకే తీర్మానములో ఇముడునా అన్నది ఆ ఏడుగురు డైరెక్టర్లకు రాబోవు పరీక్ష. 1955 నాటివారివలె వారిని మనుమలు తలచుకొందురో, 1975 నాటివారివలె తలచుకొందురో అప్పుడు గాని తెలియదు.

ఇది విని, దూరదేశపు పట్టణము గొడవ మనకేల యని శ్రోతలలో కొందరనవచ్చును. మనకును దీనితో సంబంధము కలదు. అమెరికాలోని విద్యుత్సహకార సంఘముల నమూనాతో, ఆ దేశపు సహాయముతో, 1970 ప్రాంతమున మన దేశములో ఐదు గ్రామీణ విద్యుత్సహకార సంఘములను ప్రయోగముగా నెలకొల్పిరి. వానిలో ఒకటి మన మరమగ్గముల ఊరైన సిరిసిల్లలోనిది. నేటికిని అది పనిచేయుచున్నది. అచట వినియోగదారులే సభ్యులు. వారే ఓటువేసి డైరెక్టర్లను ఎన్నుకొందురు. 2022 డిసెంబరులో కూడ అట్టి ఎన్నికలు జరిగినవి. కాని ఒక భేదము కలదు. శాక్రమెంటో డైరెక్టర్లు ధరను తామే నిర్ణయింతురు. సిరిసిల్ల డైరెక్టర్లు సంఘమును నడుపుదురు గాని, ధరను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయించును.

ఆ కమిషన్ సభ్యులను మనము ఎన్నుకొనము, ప్రభుత్వము నియమించును. అట్లని మన నోరు మూతబడలేదు. 1998 నాటి విద్యుత్సంస్కరణల చట్టము ననుసరించి 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కమిషన్ ఏర్పడినది. నేడు ఆంధ్రప్రదేశ్‌కును తెలంగాణమునకును వేర్వేరు కమిషన్లు కలవు. పంపిణీ సంస్థలు తమ ఆదాయవ్యయముల అంచనాలను కమిషన్ ముందు పెట్టి పత్రికలలో ప్రకటింపవలెను. వానిపై ఎవరైనను అభ్యంతరము వ్రాసి పంపవచ్చును, బహిరంగ విచారణకు వచ్చి వినిపింపవచ్చును. 2003 నాటి విద్యుచ్చట్టము ప్రకారము కమిషన్ ప్రజల సలహాలను అభ్యంతరములను పరిశీలించిన తరువాతనే, దరఖాస్తు అందిన 120 దినములలోగా ఉత్తరువు చేయవలెను. ప్రభుత్వము ఎవరికైన రాయితీ ఇయ్యదలచినచో ఆ సొమ్మును తాను ముందుగా చెల్లింపవలెను. రైతు సంఘములవారు, కొందరు విశ్రాంత ఇంజనీర్లు, చిన్న పరిశ్రమలవారు ఏటేట ఓపికతో పోయి ఆ విచారణలలో అంకెలతో వాదించుచున్నారు. కాని లక్షలాది గృహస్థులలో అచటికి పోవువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు.

శాక్రమెంటోలో మాత్రము సభామందిరము ఎల్లప్పుడును క్రిక్కిరిసి యుండునని భ్రమపడనక్కరలేదు. ధర పెరుగునన్ననాడు వచ్చిన జనము, విద్యుత్కేంద్రమును ఎన్నుకొను సాధారణ సభకు రారు. అది ఎల్లచోట్లను ఉన్న బలహీనతయే. వేడి అంటినప్పుడు గాని చేయి వెనుకకు తీసికొనము. కాని మేము ముందు చెప్పినట్లు, ధర పుట్టునది ధర పెరిగిన నాడు కాదు. ఏ కేంద్రము కట్టవలెను, ఎవరివద్ద ఎన్ని ఏండ్లకు కొనవలెను అను ఒప్పందములపై సంతకము పడిన నాడే పుట్టును. ఇరువదియైదేండ్ల ఒప్పందము ఈనాడు కుదిరినచో, ఈనాడు ఉయ్యెలలో నున్న పాప ఇల్లాలై ఆ చీటిని చూచునాటికి గాని దాని లెక్క పూర్తిగా తీరదు.

కావున, శ్రోతలారా, మీటరు చూచు మనిషి ఈసారి చీటి ఇచ్చి పోయినప్పుడు, అడుగున నున్న మొత్తమును మాత్రమే గాక, పైనున్న పంక్తులను కూడ ఒక్కమారు చదువుడు. స్థిరరుసుమెంత, యూనిటు వెలయెంత, సర్దుబాటు అని చేర్చినదెంత, రాయితీ ఎంత అని ఇంటిలోని పిల్లలచేత లెక్క కట్టింపుడు. చలికాలములో పత్రిక మూలన చిన్న అక్షరములతో కమిషన్ వారి బహిరంగ ప్రకటన పడినప్పుడు పేజి త్రిప్పివేయక దాని నాగి చూడుడు. వీలైనవారు ఒక కార్డు ముక్కపైనైనను తమ అభిప్రాయమును వ్రాసి పంపుడు. శాక్రమెంటో పౌరులకు తమ తీగలను తాము చేతికి తెచ్చుకొనుటకు ఇరువదిమూడు సంవత్సరములు పట్టినది. మనకు చట్టము ఇదివరకే తలుపు తెరచి యుంచినది. గుమ్మము దాటి లోనికి పోవుట మాత్రమే మిగిలియున్నది.